బయట పిల్లల ఫోటోలు, మన భయాలు: తిరుపతి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మాదొక చిన్న ఫోటో స్టూడియో. పుట్టు వెంట్రుకలు, అన్నప్రాశన, అక్షరాభ్యాసం, స్కూల్ గ్రూప్ ఫోటోలు, ఇదే మా బతుకు. ఒకప్పుడు కౌంటర్ దగ్గర "మ్యాటా, గ్లాసీనా" అన్న ప్రశ్న ఒక్కటే ఉండేది. ఇప్పుడు పాస్‌పోర్ట్ ఫోటో ప్రింటయ్యే లోపల ఒకరు "అన్నా, పార్కులో మా పాపను ఎవరో ఫోటో తీసినారు, ఏం చెయ్యాల?" అంటారు. ఆయన వెళ్ళాక ఇంకొకరొచ్చి "నా కొడుకును నేను తీసుకుంటుంటే దొంగను చూసినట్టు చూసినారన్నా" అంటారు. ఇద్దరికీ చెప్పీ చెప్పీ చివరికి రాసిపెట్టాను. నేను లాయర్‌ను కాను, ఇద్దరు ఆడపిల్లల తండ్రిని. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## ఇంట్లోంచి కదిలే ముందు

పాపను తీసుకుని తిరుమల వెళ్తున్నాం. రద్దీలో తప్పిపోతుందేమోనని టెన్షన్. ఫోటో ఏమైనా పనికొస్తుందా?

చాలా పనికొస్తుంది. కాకపోతే పోయిన సంక్రాంతికి తీసిన ఫోటో కాదు, ఆ రోజు తీసిన ఫోటో. బస్సు ఎక్కే ముందు పాపను నిలబెట్టి, తల నుంచి చెప్పుల దాకా కనపడేలా ఒకటి, ముఖం దగ్గరగా ఒకటి తీయండి. బిడ్డ కనపడనప్పుడు తల్లిని "ఏ రంగు గౌను వేశారమ్మా?" అని అడిగితే నోట మాట రాదు. ఫోన్ చూపిస్తే ఆ ప్రశ్నే ఉండదు.

చాలామందికి తట్టని సంగతి ఇంకొకటుంది. కల్యాణకట్టలో గుండు చేయించాక పాప వేరే మనిషిలా ఉంటుంది. ఫోన్‌లో ఉన్న వెయ్యి ఫోటోల్లోనూ రెండు జడలు, పూలు. ఎదురుగా చూస్తే నున్నటి గుండు, దాని మీద గంధం. చుట్టూ అదే ఈడు పిల్లలు, అందరికీ గుండ్లు, అందరికీ గంధం. కన్నతల్లే ఒక్క క్షణం తడబడుతుంది. అందుకని గుండయ్యాక, గంధం పూసిన తర్వాత, మళ్ళీ ఒక ఫోటో తీయండి.

దర్శనం క్యూలోకి ఫోన్ రానివ్వరు, కౌంటర్లో డిపాజిట్ చేయాలి. అంటే రద్దీ ఎక్కువగా ఉండే చోట మీ దగ్గర ఫోటో ఉండదు, ఫోన్ కూడా ఉండదు. కాబట్టి తీసిన ఫోటోలన్నీ ఇంటి దగ్గర ఉండే ఒకరికి ముందే పంపండి. వాళ్ళ నంబరు కాగితం మీద రాసి పాప జేబులో పెట్టండి. మీ నంబరు రాస్తే లాభం లేదు, మీ ఫోన్ డిపాజిట్ కౌంటర్లో ఉంటుంది. జేబులేని గౌను అయితే లోపలివైపు పిన్నుతో గుచ్చండి. బ్రహ్మోత్సవాల లాంటి రద్దీలో పోలీసులు పిల్లల చేతికి ట్యాగులు కడుతుంటారు. కడతామంటే కట్టించుకోండి. తప్పిపోతే కదలకుండా నిలబడి, కండువా వేసుకున్న శ్రీవారి సేవకులకో, పోలీసులకో చెప్పమని పాపకు ముందు రోజే నేర్పండి.

పసిబిడ్డను ఫోటో తీస్తే దిష్టి తగులుతుందని మా అత్త ఒప్పుకోవడం లేదు. ఎలా నచ్చచెప్పాలి?

నచ్చచెప్పకండి. ఆమె చెప్పే కారణం మీకు నచ్చకపోవచ్చు, చెప్పే పని మాత్రం మంచిదే. బిడ్డను పదిమంది కళ్ళలో పెట్టొద్దనే కదా ఆమె అంటున్నది. ఫోటో తీసుకోండి, ప్రింట్ వేయించి ఆల్బమ్‌లో పెట్టి ఆమె చేతికివ్వండి. స్టేటస్ మాత్రం పెట్టకండి. అత్తాకోడళ్ళ గొడవలు ఆల్బమ్‌తో తీరిపోవడం మా స్టూడియోలో చాలాసార్లు చూశాను.

కెమెరాలో లొకేషన్ ఆపేయాలంటున్నారు. అంత అవసరమా?

ఆపేస్తే మంచిది, ఒక్క నిమిషం పని. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కెమెరా తెరిచి దాని సెట్టింగ్స్‌లోకి వెళ్తే లొకేషన్ ట్యాగ్ అని ఉంటుంది, ఆఫ్ చేయండి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో లొకేషన్ సర్వీసెస్, అందులో కెమెరా, అక్కడ నెవర్ అని పెట్టండి. ఇది ఆన్‌లో ఉంటే ఫోటో ఎక్కడ తీశారో ఆ ఫైల్లోనే దాగి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే దాంతోపాటే వెళ్తుంది.

అయితే ఫైల్లో దాగి ఉన్నదానికంటే ఫోటోలో కంటికి కనపడేదే ఎక్కువ చెబుతుంది. యూనిఫాం మీద స్కూల్ బ్యాడ్జీ, మెళ్ళో ఐడీ కార్డు, వెనక వ్యాన్ నంబరు, ఇంటి గేటు మీద నేమ్‌ప్లేటు. తీసేటప్పుడు ఒక అడుగు పక్కకు జరిగితే ఇవేవీ పడవు.

## బయట, ఫోటో తీసేటప్పుడు

పార్కులో, రోడ్డు మీద నా బిడ్డను నేను ఫోటో తీసుకోవడానికి ఎవరి పర్మిషన్ అయినా కావాలా?

అక్కర్లేదు. బహిరంగ ప్రదేశంలో ఫోటో తీయడాన్ని మొత్తంగా నిషేధించే చట్టం మన దేశంలో లేదు. ఎక్కడైనా "ఫోటోలు తీయరాదు" అని బోర్డు ఉంటే ఆ మాట వినాల్సిందే. శ్రీవారి ఆలయంలోకి ఫోన్, కెమెరా రెండూ నిషేధం. ఆలయం ముందు రీల్స్ చేసేవాళ్ళ మీద చర్యలు తీసుకుంటామని టీటీడీ హెచ్చరించింది కూడా.

మావాణ్ణి తీస్తుంటే పక్కన ఆడుకునే పిల్లలు కూడా ఫ్రేమ్‌లో పడుతున్నారు. తప్పా?

పడటం తప్పు కాదు. పడినవాళ్ళను ఊళ్ళో అందరికీ చూపించడం మర్యాద కాదు. మీ ఫోన్‌లో ఉంచుకుంటే గొడవే లేదు. స్టేటస్ పెట్టాలనుకుంటే మీవాడి వరకు క్రాప్ చేయండి. బర్త్‌డే పార్టీలో అయితే కేక్ కోసే ముందే "అందరినీ కలిపి తీస్తున్నా, గ్రూపులో పెట్టొచ్చా?" అని పెద్దవాళ్ళను అడగండి. ఒకరిద్దరు వద్దంటారు. వాళ్ళ పిల్లల్ని పక్కన నిలబెట్టి చిన్నబుచ్చకుండా ముందు అందరితో ఒకటి తీయండి, అది మాత్రం గ్రూపుకు పంపకండి, ఆ తర్వాత ఒప్పుకున్నవాళ్ళతో మాత్రమే ఇంకొకటి తీయండి.

ఆడవాళ్ళు తీస్తే ఎవరూ అడగరు. మగవాణ్ణి, ఒక్కణ్ణే ఉన్నానని అనుమానంగా చూస్తున్నారు. ఇదేం న్యాయం?

న్యాయం కాదు, నిజమే. నాకూ జరిగింది. మా పెద్దదానికి అప్పుడు ఐదేళ్ళు. ఇంటి దగ్గరి పార్కులో జారుడుబల్ల ఎక్కుతోంది. నేను దూరంగా బెంచీ మీద కూర్చుని పెద్ద లెన్స్ పెట్టి తీస్తున్నాను. ఒకామె నేరుగా నా దగ్గరికొచ్చి "ఎవరి పిల్లల్ని తీస్తున్నారు?" అంది. "మా పాపనమ్మా" అన్నాను. "ఏ పాప?" చూపించాను. "పిలవండి." పిలిచాను. మా పాప అటు తిరిగి "నేను రాను, ఇంకొక్కసారి!" అని మళ్ళీ మెట్లెక్కింది. నాన్నా అన్న మాట కూడా లేదు. ఈలోపు చుట్టూ ఏడెనిమిది మంది చేరారు. చొక్కా లోపల చెమట కారుతోంది.

కెమెరా వెనక్కి తిప్పి స్క్రీన్ మీద ఒక్కొక్కటే చూపించాను. నలభై దాకా మా పాపవి, వాటి మధ్య మూడింట్లో ఆమె కొడుకు. "ఈ మూడూ తీసెయ్యండి" అంది. అక్కడే తీసేశాను. వెళ్తూ వెళ్తూ "ఏమీ అనుకోవద్దన్నా, రోజులు బాగాలేవు" అంది. ఆ రాత్రి అన్నం సహించలేదు. తర్వాత ఆలోచిస్తే ఆమె చేసిన దాంట్లో తప్పేమీ కనపడలేదు. అడిగింది, చూసింది, వదిలేసింది.

అప్పటి నుంచి నేను పాటించేది ఒక్కటే. బిడ్డకు దగ్గరగా, నలుగురికీ కనపడేలా నిలబడతాను, దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీయను. దగ్గరగా ఉంటే బిడ్డ మనతో మాట్లాడుతూనే ఉంటుంది, ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని పడదు. ఎవరైనా అడిగితే మాత్రం కోపం తెచ్చుకోకండి, ఫోన్ తెరిచి చూపించేయండి. "నా ఇష్టం, నువ్వెవరు అడగడానికి" అన్నామంటే చిన్న అనుమానం కాస్తా పెద్ద గొడవవుతుంది.

అలిపిరి మెట్ల మీద పిల్లల్ని ముందు పరుగెత్తించి వెనక నుంచి వీడియో తీస్తున్నాం. ప్రమాదమా?

ప్రమాదమే, దయచేసి వద్దు. 2023 ఆగస్టులో అదే దారిలో తల్లిదండ్రుల కంటే ముందు నడిచిన ఆరేళ్ళ పాప చిరుత దాడిలో చనిపోయింది. అంతకు రెండు నెలల ముందు ఇంకో చిన్నబాబు మీద దాడి జరిగి, ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ తర్వాతే 15 ఏళ్ళ లోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 గంటల తర్వాత నడకదారిలోకి పంపకూడదని టీటీడీ ఆంక్ష పెట్టింది. వేళలు మారుతుంటాయి, వెళ్ళే రోజు కనుక్కోండి. స్క్రీన్‌లో చూస్తున్నప్పుడు బిడ్డ దగ్గరగానే ఉన్నట్టు ఉంటుంది, ఫోన్ దించితే గానీ ఇరవై మెట్ల దూరం తెలియదు. ఒక చేత్తో బిడ్డ చెయ్యి పట్టుకుని తీయగలిగినదే తీయండి.

యాత్రికుల పిల్లలు ముద్దుగా ఉంటే ఒక ఫోటో తీసుకోవచ్చా?

అడిగి తీసుకోండి. మన ఊళ్ళో తమిళం, కన్నడం రాకపోయినా సైగ చాలు: ఫోన్ చూపించి, బిడ్డను చూపించి, తల ఊపండి. వాళ్ళు "వేండాం" అన్నా, "బేడ" అన్నా, "వద్దు సామీ" అన్నా ఒకటే అర్థం. అక్కడితో ఆపేయాలి. అడగాల్సింది పెద్దవాళ్ళను. బిడ్డకు బిస్కెట్ ఇచ్చి నవ్వించి తీయడం మాత్రం వద్దే వద్దు. దూరం నుంచి చూసేవాళ్ళకు అది ఇంకోలా కనపడుతుంది.

గంగమ్మ జాతరలో వేషాలు వేసుకున్న పిల్లల్ని తీయొచ్చా? అది అందరి పండగే కదా?

అందరి పండగే. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ ఊరంతా వేషాలు కడుతుంది. చంకలో బిడ్డలకు కూడా మొక్కుగా వేయిస్తారు. ఫోటో తీస్తే సంతోషించేవాళ్ళే ఎక్కువ, "మాకూ పంపన్నా" అని నంబరిచ్చే తండ్రులున్నారు.

చిక్కంతా ఆ ఫోటో తిరుపతి దాటినప్పుడే. మాతంగి వేషంలో మగపిల్లాడికి చీర కట్టి, బొట్టు పెట్టి, పూలు పెడతారు. మనకది మొక్కు. ఆ సంగతి తెలియనివాళ్ళకు అదొక తమాషా. కింద కామెంట్లలో రాసే రాతలు చదవలేం. ఆ పిల్లాడు పదో తరగతికి వచ్చాక క్లాసులో ఎవడో ఆ ఫోటో బయటికి తీస్తాడు. అందుకని జాతరలో నేను తీసిన చిన్నపిల్లల ఫోటోలు వాళ్ళ ఇంట్లోవాళ్ళకే ఇస్తాను. ఆన్‌లైన్‌లో పెట్టాలనిపిస్తే పెద్దవాళ్ళ వేషాలు కావలసినన్ని ఉన్నాయి.

తలకోనలో, కపిలతీర్థంలో పిల్లలు స్నానం చేస్తుంటే తీసిన వీడియోలు పెట్టొచ్చా? నలుగు పెట్టి నీళ్ళు పోసిన వీడియో?

ఒంటి మీద బట్టలు లేని, సరిగ్గా లేని బిడ్డ వీడియో ఎక్కడా పెట్టొద్దు, ఎవరికీ పంపొద్దు. అమ్మమ్మ కాళ్ళ మీద పడుకోబెట్టి నలుగు పెడుతుంటే చూడటానికి ఎంత బాగుంటుందో నాకూ తెలుసు, మా ఇంట్లోనూ ఉంది అలాంటి వీడియో. అది మా ఇంట్లోనే ఉంది. మీకు ముచ్చటగా అనిపించిన దాన్ని దాచుకునే మనుషులు వేరే ఉన్నారు. అలాంటివాళ్ళకు దొరికే సరుకులో తల్లిదండ్రులు ప్రేమగా పెట్టిన ఫోటోలు కూడా ఉంటాయి.

## ఎవరో మన బిడ్డను తీస్తున్నట్టు అనిపిస్తే

తెలియనివాడెవరో మా పాపను ఫోటో తీశాడు. ముందు ఏం చెయ్యాలి?

ముందు మీ బిడ్డ దగ్గరికి వెళ్ళండి, అతని దగ్గరికి కాదు. బిడ్డ చెయ్యి పట్టుకున్నాక అప్పుడు అతన్ని అడగండి: "అన్నా, మా పాపను తీశారా? ఒకసారి చూపిస్తారా?" పదిమందిలో తొమ్మిదిమంది వాళ్ళ పిల్లల్నో, గోపురాన్నో తీస్తుంటారు, మీ పాప మధ్యలో పడి ఉంటుంది. వాళ్ళే చూపించి తీసేస్తారు.

చూపించనంటే, లేదా మళ్ళీ మళ్ళీ మీ బిడ్డ వెంటే తిరుగుతుంటే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి, దగ్గర్లో పోలీసులుంటే పిలవండి. మనిషి ఎలా ఉన్నాడు, ఏ చొక్కా, బండి నంబరు ఎంత అన్నది గుర్తుపెట్టుకోండి. లైంగిక ఉద్దేశంతో పిల్లల్ని పదే పదే వెంబడించడం, కనిపెట్టుకుని చూడటం పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం, 3 ఏళ్ళ వరకు జైలు పడొచ్చు. ఎవరివైనా మర్మావయవాలను అనుమతి లేకుండా ఫోటో తీస్తే ఐటీ చట్టం 66ఇ సెక్షన్ వర్తిస్తుంది.

అతని ఫోన్ లాక్కుని డిలీట్ చేయించవచ్చా?

లాక్కోకూడదు. అడిగి తీయించవచ్చు, బలవంతంగా గుంజుకుంటే కేసు మీ మీద పడుతుంది. పైగా అతను నిజంగా తప్పుడు పని చేసుంటే మీరు డిలీట్ చేయించినది సాక్ష్యం. అనుమానం గట్టిగా ఉంటే ఫోన్‌ను పోలీసులే చూడనివ్వండి.

పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయని గ్రూపులో వీడియో వచ్చింది. అందరికీ పంపమంటారా?

వద్దు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రశ్న నన్ను అన్నింటికంటే ఎక్కువ భయపెడుతుంది.

2018లో మోటార్ సైకిల్ మీద వచ్చిన ఇద్దరు, వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోయే వీడియో ఒకటి దేశమంతా తిరిగింది. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. అసలు వీడియో చివర్లో వాళ్ళు పిల్లాణ్ణి తిరిగి తెచ్చి దించి, జాగ్రత్తగా ఉండమని అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించి "మన ఊళ్ళో దిగిన ముఠా" అని పంపారు. ఆ ఏడాది మే నెలలో తిరువణ్ణామలై జిల్లా పోలూరు దగ్గర, గుడికి పోతూ దారి అడగడానికి ఆగిన కుటుంబాన్ని ఊరివాళ్ళు చుట్టుముట్టారు. వాళ్ళలో ఒక పెద్దావిడ అక్కడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది, అంతే. ఆమెను కొట్టి చంపేశారు. చిత్తూరు నుంచి వేలూరు దాటితే వచ్చేసే చోటు అది. జూలైలో బీదర్ జిల్లాలో, అదీ చాక్లెట్లు ఇచ్చినందుకే, హైదరాబాద్ ఇంజనీరు ఒకాయన ప్రాణం పోయింది. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది.

మన ఊరికి రోజూ వేలమంది తెలియని ముఖాలు వస్తాయి. వాళ్ళ చేతుల్లో కెమెరాలుంటాయి, భాష మనకు అర్థం కాదు, పిల్లల్ని చూసి నవ్వుతారు. అలాంటి ఊళ్ళో ఈ మెసేజ్ ఒక్కటి అంటుకుంటే ఏమవుతుందో ఊహించండి. మీకు వచ్చింది నిజమేమో అనిపిస్తే 112కు ఫోన్ చేసి చెప్పండి. గ్రూపుకు మాత్రం పంపకండి.

మరి ఎవరికి భయపడాలి? ఎవరినీ నమ్మకూడదా?

లెక్కలు చూస్తే కెమెరా పట్టుకున్న కొత్తమనిషి కంటే ఇంటికి వచ్చిపోయే మనిషి గురించే ఎక్కువ జాగ్రత్తపడాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ఇచ్చే లెక్కల్లో, పోక్సో కింద నమోదైన అత్యాచార కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు బిడ్డకు తెలిసినవాళ్ళే: బంధువులు, పక్కింటివాళ్ళు, కుటుంబ స్నేహితులు. ఇది చెప్పినప్పుడల్లా కౌంటర్ అవతల మొహాలు మాడిపోతాయి. పార్కులో అపరిచితుణ్ణి అనుమానించడం సులువు, మన పెళ్ళి ఆల్బమ్‌లో ఉన్నవాణ్ణి అనుమానించడం కష్టం. "ఎవరైనా నీ ఫోటో తీసి, అమ్మకు చెప్పొద్దు అంటే వెంటనే నాకు చెప్పు, నిన్ను తిట్టను" అని బిడ్డకు చెప్పండి. ఆ చివరి మాట మరిచిపోవద్దు.

## ఫోటో పెట్టే ముందు

మా బాబు పుట్టినరోజుకు సెంటర్‌లో ఫ్లెక్సీ కట్టిస్తున్నాం. దానికీ ఇదంతా ఆలోచించాలా?

దానికే ఎక్కువ ఆలోచించాలి. ఒకాయన డిజైన్ చేయించడానికి వచ్చాడు. మధ్యలో బాబు ఫోటో, కింద ముద్దుపేరు చిన్నూ, పుట్టిన తేదీ, చదివే ప్లేస్కూల్ పేరు. అంచున "ఇట్లు, మేనమామలు" అని నాలుగు పేర్లు, రెండు ఫోన్ నంబర్లు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నేనన్నాను: "సార్, నేను మీకు తెలియనివాణ్ణి అనుకోండి. ఈ ఫ్లెక్సీ చదివి మధ్యాహ్నం స్కూల్ గేటు దగ్గరికి పోయి, చిన్నూ, నేను మీ ప్రసాద్ మామ ఫ్రెండ్‌ను, మామ పంపాడు, రా అంటే మీవాడు రాడా?" ఆయన కాసేపు స్క్రీన్ వంక చూసి, "స్కూల్ పేరు తీసెయ్ అన్నా" అన్నాడు. నంబర్లు కూడా తీయించాను. మేనమామల పేర్లు తీయడానికి మాత్రం ఒప్పుకోలేదు, బావమరుదులతో పెట్టుకోలేనన్నాడు.

బిడ్డను పికప్ చేయడానికి వేరేవాళ్ళు వస్తే చెప్పాల్సిన గుర్తుమాట ఒకటి ఇంట్లో పెట్టుకోండి. కుక్కపిల్ల పేరైనా సరే. ఫ్లెక్సీ మీద లేనిదై ఉండాలి, అంతే.

స్టేటస్ పెడితే మావాళ్ళే కదా చూసేది?

మీ ఫోన్‌లో ఉన్న నంబర్లు ఒకసారి పైనుంచి కిందికి చూడండి. గ్యాస్ డెలివరీ అబ్బాయి, పాత ఇంటి ఓనర్, ఒక్కసారి ఎక్కిన ఆటో డ్రైవర్, ఎల్‌ఐసీ ఏజెంట్. మీ నంబరు వాళ్ళ ఫోన్‌లోనూ సేవ్ అయి ఉంటే స్టేటస్ వాళ్ళందరికీ కనపడుతుంది. స్టేటస్ ప్రైవసీలో కొందరికి మాత్రమే చూపించే ఆప్షన్ ఉంది, వాడుకోండి. స్క్రీన్‌షాట్‌ను మాత్రం ఏ సెట్టింగూ ఆపలేదు. ఊరెళ్ళిన ఫోటోలు తిరిగొచ్చాక పెట్టండి, అక్కడ ఉన్నప్పుడే కాదు.

స్కూల్ వాళ్ళు అడగకుండా మా పాప ఫోటో అడ్మిషన్ల పోస్టర్ మీద వేశారు. అడగొచ్చా?

తప్పకుండా అడగొచ్చు, తీయమని రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ళ డేటా వాడటానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. అడ్మిషన్ ఫారంలో "ఫోటోలు వాడుకోవడానికి సమ్మతిస్తున్నాను" అన్న లైన్ ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉండొచ్చు. వచ్చే ఏడాది సంతకానికి ముందు దాన్ని కొట్టేసి పక్కన ఇనీషియల్ వేయండి. కృష్ణాష్టమి ఫోటోలు తల్లిదండ్రుల గ్రూపుకు పంపడం వేరు, పోస్టర్ వేరు, ఆ తేడా ప్రిన్సిపాల్‌కు మెల్లగా చెబితే అర్థమవుతుంది.

మీ స్టూడియోల వాళ్ళు మాత్రం మా పిల్లల ఫోటోలు అద్దాల్లో పెట్టుకుంటారు కదా?

పెట్టుకుంటాం. నేనూ పెట్టాను. గుండుతో బోసినవ్వు నవ్వే ఒక పాప ఫోటో పెద్దది చేసి షాపు ముందు రెండేళ్ళు ఉంచాను, అమ్మానాన్నలను అడగలేదు. ఒకరోజు ఆ తల్లి లోపలికొచ్చి, కోపం లేకుండా, "మా పాప ఇదేనా అన్నా? మీకు మేము ఇచ్చినామా?" అంది. జవాబు లేక ఫోటో దింపి ఆమె చేతికిచ్చాను. ఇప్పుడు బిల్లు మీద ఒక గడి పెట్టాను: డిస్‌ప్లేకి ఒప్పుకుంటున్నారా, లేదా. సగం మంది లేదు అనే రాస్తున్నారు. మీరు వెళ్ళే స్టూడియోలో ఈ గడి లేకపోతే నోటితోనే చెప్పండి. ఫైల్స్ తీసుకున్నాక వాళ్ళ కంప్యూటర్‌లోంచి తీసేయమని కూడా అడగొచ్చు.

మా పాపకు తొమ్మిదేళ్ళు. "నా ఫోటో పెట్టొద్దు" అంటోంది. అంత చిన్నదానికి ఏం తెలుసని?

మా పెద్దదీ ఆ వయసులోనే అంది. నోట్లో పాలపళ్ళు ఊడిపోయి నవ్విన ఫోటో నేను పెడితే, క్లాసులో ఎవరి అమ్మ ఫోన్‌లోనో చూసి "బోసి" అని పిలిచారట. వారం రోజులు నోరు మూసుకునే నవ్వింది. "అంత బాగుందే ఫోటో" అన్నాను. "బాగుండేది నీకు, నన్ను పిలిచేది వాళ్ళు" అంది. తీసేశాను. ఇప్పుడు ఏది పెట్టాలన్నా ముందు చూపిస్తాను. పదికి ఏడు వద్దంటుంది. మిగిలిన మూడూ నా కంటికి అంత బాగుండవు, అవే పెడుతున్నాను.

## జరగరానిది జరిగితే

మా పాప ఫోటోతో ఎవరో ఫేక్ అకౌంట్ పెట్టారు. మార్ఫింగ్ చేశారు. ఎక్కడికి పోవాలి?

ముందు అకౌంట్ లింక్, తేదీ, టైమ్ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. అకౌంట్ మాయమైతే మీ దగ్గర మిగిలేవి అవే. అయితే మార్ఫింగ్ చేసిన బొమ్మ అసభ్యంగా ఉంటే దాన్ని సేవ్ చేసుకోవడం, బంధువులకు పంపి "చూడండి" అనడం చేయొద్దు, లింక్ రాసుకుంటే చాలు. తర్వాత ఆ యాప్‌లోనే రిపోర్ట్ చేయండి. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఆ పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాలకు విడిగా భాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనూ ఫిర్యాదు చేయండి. 18 ఏళ్ళ లోపు పిల్లల అసభ్య చిత్రాలు ఆన్‌లైన్‌లో వ్యాపించకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సర్వీసు ఉంది. అందులో ఫోటో అప్‌లోడ్ చేయనక్కర్లేదు, మీ ఫోన్‌లోనే దానికి ఒక గుర్తు తయారై, ఆ గుర్తు మాత్రమే వెళ్తుంది.

బిడ్డను తిట్టొద్దు. ఫోటో పెట్టింది చాలాసార్లు మనమే.

గ్రూపులో చిన్నపిల్లల అసభ్య వీడియో వచ్చింది. నేను చూడలేదు, డిలీట్ చేశాను. సరిపోతుందా?

డిలీట్ చేయడం సరే, ఫిర్యాదు కూడా చేయండి. అలాంటివి చూడటం, దాచుకోవడం, పంపడం అన్నీ నేరమే. ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద మొదటిసారికే 5 ఏళ్ళ వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా ఉంటాయి. ఎవరికీ పంపకుండా ఫోన్‌లో ఉంచుకున్నా నేరం కావచ్చని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. గ్రూపు పేరు, పంపిన నంబరు, టైమ్ రాసుకుని సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇవ్వండి. "ఇలాంటివి పంపుతున్నారు చూడండి" అని ఇంకో గ్రూపులో పెట్టడం కూడా పంపినట్టే.

బిడ్డ కనపడకపోతే 24 గంటలు ఆగాకే పోలీసులు కేసు తీసుకుంటారట, నిజమేనా?

కాదు. బిడ్డ తప్పిపోయిందంటే వెంటనే ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క గంట కూడా ఆగొద్దు. 112, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098, రెండూ ఏ వేళనైనా పలుకుతాయి. రైల్లోనో స్టేషన్లోనో అయితే 139. ఆ రోజు తీసిన ఫోటో పోలీసులకు ఇవ్వండి. వాట్సాప్‌లో తిప్పాలనిపిస్తే వాళ్ళను అడిగి తిప్పండి, బిడ్డ దొరికాక "దొరికింది" అని అదే గ్రూపుల్లో చెప్పి ఫోటో తీసేయమనండి. ఇంటికి చేరిన పిల్లల ఫోటోలు ఏళ్ళ తరబడి "తప్పిపోయింది, దయచేసి షేర్ చేయండి" అంటూ తిరుగుతూనే ఉంటాయి.

కేసు పెడితే మా పాప పేరు, ఫోటో పేపర్లో వస్తాయేమో?

రాకూడదు. బాధిత బిడ్డ పేరు, ఫోటో, ఇల్లు, స్కూల్, కుటుంబ వివరాలు, గుర్తుపట్టడానికి వీలయ్యే ఏదీ మీడియా బయటపెట్టకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కూడా అదే అంటుంది. న్యూస్ చానళ్ళకే కాదు, మీ అపార్ట్‌మెంట్ గ్రూపు అడ్మిన్‌కూ ఈ మాట చెప్పండి. "పాపం ఫలానా బ్లాక్ వాళ్ళ పాప" అని మొదట రాసేది అక్కడే.